మోటారుసైకిలు యాత్రలకు ఉపగ్రహ మార్గరచన

విశాఖపట్టణము నుండి రాజమహేంద్రవరమునకు దారి చూపుమని ఉపగ్రహ మార్గదర్శక పరికరము నడిగినచో, అది క్షణమైనను తటపటాయింపక 16వ సంఖ్య జాతీయ రహదారిని చూపి, అనకాపల్లి, తుని, అన్నవరము, జగ్గంపేటల మీదుగా సుమారు 190 కిలోమీటర్లు పోవలసియున్నదని చెప్పును. ఆ సమాధానమున దోషమేమియు లేదు. సరకు చేర్చవలసిన లారీ డ్రైవరును, ముహూర్తమునకు అందుకొనవలసిన పెండ్లివారును, రోగిని వెంటబెట్టుకొని పోవువారును కోరునది అదియే. కాని అదే రెండు పట్టణముల నడుమ శృంగవరపుకోట దాటి కొండ నెక్కి, అనంతగిరి, అరకు, పాడేరు, లంబసింగి, చింతపల్లి, సీలేరు, మారేడుమిల్లిల మీదుగా మన్యమంతయు చూచుచు మూడు దినములకు గోదావరి యొడ్డు చేరవలెనని సంకల్పించిన మోటారుసైకిలు యాత్రికునకు ఆ సమాధానము ఏమాత్రమును ఉపకరింపదు. పరికరమునకు గమ్యము ప్రధానము. యాత్రికునకు దారియే ప్రధానము. యాత్రికుడు ఇంటివద్ద కూర్చుండి చేసికొన్న నిర్ణయమును, దారిలో పరికరము తన లెక్కతో మార్చివేయుటకు వీలులేని రూపమున, దానికి అప్పగించుట యెట్లు అనునదియే ఈ వ్యాసమున విచారింపదలచిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఇరువది యేండ్లుగా మోటారుసైకిలు యాత్రికులు పలువిధములైన సమాధానములు చెప్పుచు వచ్చిరి. పటముపై వందల కొలది గుర్తులు గ్రుచ్చి దారిని బంధించువారు కొందఱు. ఇదివరకు ఎవరో నడచిన జాడను యథాతథముగా అనుసరించువారు కొందఱు. వంపుల దారులను తమంతట తామే వెదకియిచ్చు ప్రోగ్రాములకు భారమంతయు అప్పగించువారు కొందఱు. ప్రతి పద్ధతికిని గుణమున్నది, ప్రతి పద్ధతికిని పరిమితి యున్నది. వానిని తూచుటకు ముందు ఈ పరికరము పుట్టుపూర్వోత్తరములను కొంచెము తెలిసికొనుట అవసరము.

వాహనమున కూర్చున్నవానికి పటముమీద తానున్న చోటు చూపు యంత్రమును మొట్టమొదట అమ్మకమునకు తెచ్చిన సంస్థలలో హోండా ఒకటి యగుట మోటారుసైకిలు ప్రియులకు ముచ్చట గొలుపు విషయము. 1981లో ఆ సంస్థ తన కారులలో అమర్చిన ఎలక్ట్రో జైరోకేటర్ అను యంత్రమునకు ఉపగ్రహములతో సంబంధమే లేదు. అది వాహనము ఎంత దూరము పోయినది, ఎటు తిరిగినది అను రెండు సంగతులను కొలుచుకొని, పారదర్శకమైన పటపు పలకల మీద తన చోటును గుర్తించుచుండెను. అమెరికా వారి జీపీఎస్ వ్యవస్థ 1995 నాటికి సంపూర్ణమైనను, సామాన్యులకు అందు సంకేతమున ఉద్దేశపూర్వకముగా దోషమును కలిపి పంపుచుండుటచే నూరు మీటర్ల వరకు పొరపాటు వచ్చుచుండెను. నూరు మీటర్ల పొరపాటుతో సముద్రమున ఓడను నడుపవచ్చును గాని, పక్కపక్కనే యున్న రెండు రోడ్లలో వాహనము దేనిపై నున్నదో చెప్పుట సాధ్యము కాదు. 2000 సంవత్సరము మే నెల మొదటి తేదీ అర్ధరాత్రి ఆ దోషమును తొలగించిన పిమ్మటనే ఈ విద్య సామాన్యుని చేతికి వచ్చినది. ఆ తరువాతి దశాబ్దములో గార్మిన్ సంస్థ జూమో అను పేరనూ, టామ్‌టామ్ సంస్థ రైడర్ అను పేరనూ మోటారుసైకిలు హ్యాండిలుకు బిగించుకొనదగిన, వానకు తడిసినను చెడని, చేతిజోళ్లు తొడుగుకొనియే నొక్కదగిన పరికరములను తయారుచేసినవి. మన దేశము 2013 జూలై 1వ తేదీన శ్రీహరికోట నుండి తన మార్గదర్శక ఉపగ్రహములలో మొదటిదానిని ప్రయోగించి, 2016లో ఆ వ్యవస్థకు నావిక్ అని నామకరణము చేసినది.

ఇక్కడ ఒక అపోహను తొలగింపవలసియున్నది. ఉపగ్రహమే మనకు దారి చూపుచున్నదని చాలమంది నమ్మిక. సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున తిరుగు జీపీఎస్ ఉపగ్రహము చెప్పునది తానున్న చోటును, తన గడియారము నందలి కాలమును మాత్రమే. కనీసము నాలుగు ఉపగ్రహముల నుండి సంకేతములందుకొని, అవి చేరుటకు పట్టిన కాలమును బట్టి దూరములను లెక్కగట్టి, పరికరము తానున్న చోటును నిర్ణయించుకొనును. నాలుగవ ఉపగ్రహము అవసరమగుట పరికరములోని చవుక గడియారపు దోషమును సరిదిద్దుకొనుటకు. అంతవరకే ఉపగ్రహముల పని. ఎక్కడ రోడ్డున్నది, ఎక్కడ తిరుగవలెను అనునది పరికరము కడుపులోని పటమునకు, ఆ పటముపై జరుగు గణితమునకు సంబంధించిన విషయము. ఆ గణితమునకు మూలము నెదర్లాండ్సు దేశపు శాస్త్రజ్ఞుడు ఎడ్జర్ డైక్‌స్ట్రా 1956లో ఊహించి 1959లో ప్రకటించిన పద్ధతి. కూడళ్లను చుక్కలుగను, వాని నడుమ రోడ్లను గీతలుగను భావించి, ప్రతి గీతకును ఒక వెల కట్టి, మొత్తము వెల తక్కువగునట్టి గీతల వరుసను కనిపెట్టుట దాని సారము. 1968లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులును, 2008లో కార్ల్స్‌రూ పరిశోధకులును ఆ పద్ధతిని ఎంతో వేగవంతము చేసిరి గాని మూలసూత్రము మారలేదు.

యాత్రికుడు గమనింపవలసినది ఆ వెల యన్న సంగతిని. జాతీయ రహదారికి తక్కువ వెల, గ్రామపు రోడ్డుకు ఎక్కువ వెల, మట్టిదారికి మరింత యెక్కువ వెల అని నిర్ణయించినవాడు పరికరమును తయారుచేసినవాడు. మన్యపు కనుమదారి అందచందములకు అతని లెక్కలో స్థానము లేదు. కావుననే ఏ రెండు గుర్తుల నడుమనైనను లెక్కగట్టుటకు స్వేచ్ఛ యిచ్చినంత మాత్రమున పరికరము యాత్రికుని మైదానమునకు దింపి పెద్ద రోడ్డు మీదికి ఈడ్చుకొని పోవును. మార్గరచన యన్న విద్య యంతయు ఆ స్వేచ్ఛను ఎక్కడ ఇయ్యవలెను, ఎక్కడ ఇయ్యరాదు అను వివేకము మీద ఆధారపడియున్నది.

ఈ వివేకమునకు సాధనము జీపీఎక్స్ అను పేర ప్రసిద్ధమైన ఫైలు. 2002లో వెలువడి 2004లో ఇప్పటి రూపమునకు వచ్చిన ఈ ఫైలు పద్ధతిని నేడు దాదాపు ప్రతి పరికరమును, ప్రతి ప్రోగ్రామును చదువగలదు. అందు మూడు విధములైన వస్తువులుండును. మొదటిది వేపాయింటు: పేరు గల ఒక ఒంటరి గుర్తు, బంకో, బసయో, జలపాతమో. రెండవది ట్రాక్: వందలకో వేలకో లెక్కకు వచ్చు బిందువుల వరుస, వాహనము నడచిన జాడ. మూడవది రూటు: వరుసగా దాటవలసిన కొద్ది బిందువుల పట్టిక, వాని నడుమ దారిని పరికరమే లెక్కగట్టుకొనవలెను. క్రొత్తగా ఈ విద్య నభ్యసించువారికి వచ్చు చిక్కులలో అధికభాగము రెండవదానికిని మూడవదానికిని గల భేదమును గుర్తింపకపోవుటచే వచ్చుచున్నవి.

ట్రాక్ అనునది గీచిన గీత. దానిని పరికరము మార్చజాలదు. పటము పాతదైనను, క్రొత్తదైనను, పటములో ఆ రోడ్డే లేకపోయినను గీత గీతగనే యుండును. కాని చాల పరికరములలో ట్రాక్ మూగది: మలుపు వచ్చినప్పుడు ఎడమకు తిరుగుమని చెప్పదు, గమ్యము చేరుటకు ఎంత కాలము పట్టునో చెప్పదు, యాత్రికుడు తెరమీది గీతను చూచుకొనుచు పోవలసినదే. రూటు మాటలాడును, చెవిలో ముందుగనే మలుపు సంగతి చెప్పును, వేళ చెప్పును. కాని అది ప్రతిసారియు క్రొత్తగా లెక్కగట్టబడుచుండును. ఇంటివద్ద కంప్యూటరులో ఒక సంస్థవారి పటముపై గీచిన రూటును, మరియొక సంస్థవారి పటము గల పరికరమునకు పంపినపుడు బిందువులు మాత్రమే నిలిచి, నడుమనున్న దారి మారిపోవుట నిత్యానుభవము. కొన్ని ఫైళ్లు తమలో కంటికి కనబడని నడిమి బిందువులను గూడ దాచుకొని దారిని కాపాడజూచును గాని, రెండుచోట్ల పటము ఒక్కటే అయినప్పుడే ఆ రక్షణ పనిచేయును. పటము ఒక్కటే యైనను, ఇంటివద్ద "త్వరిత మార్గము" అనియు, పరికరమున "దగ్గరి మార్గము" అనియు కోరిక వేర్వేరుగా పెట్టియుంచినచో ఫలితము మరల వేరే.

ఇక దారి తప్పినప్పటి సంగతి. పెట్రోలుకొఱకు రెండు వందల గజములు పక్కకు పోయినంతనే పరికరము తన లెక్కను మరల మొదటినుండి ప్రారంభించి, మిగిలిన దారి నంతటిని తనకు నచ్చినట్లు మార్చివేసిన సందర్భములు అనేకములు. దీనికి పరికరములలో సాధారణముగా మూడు అమరికలు కలవు: తానై మరల లెక్కగట్టుట, అడిగి లెక్కగట్టుట, అసలు గట్టకుండుట. యాత్రికునకు నడిమిదియే మేలని నా నిశ్చితాభిప్రాయము. మొదటిదానిచే యాత్రికుని నిర్ణయము అతనికి తెలియకయే మారిపోవును. మూడవదానిచే నిజముగా దారి మూసియున్నపుడు సహాయము లభింపదు.

రూటులోని బిందువులలో గూడ రెండు జాతులున్నవి. వయా పాయింటు అనునది ఆగవలసిన మజిలీ; దానిని చేరినపుడు పరికరము ప్రకటించును, చేరకున్నచో వెనుకకు మరలుమని పట్టుపట్టును. షేపింగ్ పాయింటు అనునది దారిని మలచుటకు మాత్రమే పెట్టిన గుర్తు. పరికరము దానిని మౌనముగా దాటిపోవును. బొఱ్ఱా గుహలు చూడదలచినవానికి అది వయా పాయింటు. అది ముఖ్యమైన రోడ్డునుండి పక్కకు దిగిపోవలసిన చోటు గనుక. గాలికొండ దగ్గర ఆగి లోయను చూచుట మబ్బునుబట్టి, మనస్సునుబట్టి జరుగు పని. దానికి వేపాయింటు చాలును, రూటులో చేర్చనక్కరలేదు. ప్రతి అందమైన చోటును వయా పాయింటుగా చేర్చినవాడు, దానిని దాటిపోయిన పిమ్మట పది కిలోమీటర్ల దాక "వెనుకకు తిరుగుము" అను పోరు వినవలసి వచ్చును.

బిందువును ఎక్కడ పెట్టవలెను అను విషయమున అందఱును శ్రద్ధ చూపరు. ఈ వ్యాసములో చదువరి ఒక్క పేరానే గుర్తుంచుకొనదలచినచో ఇది గుర్తుంచుకొనవలెనని నా కోరిక. బిందువును కూడలిలో పెట్టరాదు. కూడలి దాటి, మనము కోరిన రోడ్డు మీద ఒకటి రెండు కిలోమీటర్లు పోయిన పిమ్మట పెట్టవలెను. కూడలిలో పెట్టిన బిందువు పక్కరోడ్డుకు అంటుకొనినచో పరికరము ఆ రోడ్డులోనికి పది గజములు పోయి వెనుకకు రమ్మనును. ఊరి నడుమ పెట్టరాదు. బజారు సందులలోనికి లాగుకొనిపోవును. నడుమ విభాజకము గల నాలుగు వరుసల రోడ్డుపై పెట్టునపుడు పటమును పూర్తిగా పెద్దది చేసి చూచి, మనము పోవు ఎడమవైపు రోడ్డు మీదనే పడినదని నిర్ధారించుకొనవలెను. ఎదురువైపు రోడ్డుమీద పడినచో, దానిని తాకుటకొఱకు పరికరము ముందున్న యూ టర్ను దాక తీసికొనిపోయి వెనుకకు త్రిప్పి, మరల యూ టర్ను చేయించును. ఫ్లైఓవరు క్రింద, సర్వీసు రోడ్డు పక్కన గూడ ఇదే జాగ్రత్త కావలెను. తెరమీద వెంట్రుకవాసి తేడా రోడ్డుమీద ఐదారు కిలోమీటర్ల తిరుగుడు అగుచున్నది.

ఎన్ని బిందువులు పెట్టవలెను అను ప్రశ్నకు మన్యపు యాత్రనే ఉదాహరణముగా గైకొందము. మొదట విశాఖపట్టణమును, రాజమహేంద్రవరమును, నడుమ మజిలీలగు అరకు, లంబసింగి, మారేడుమిల్లిలను మాత్రము పెట్టి పరికరము గీచిన గీతను చూడవలెను. విశాఖ నుండి అరకు వరకు అది శృంగవరపుకోట, అనంతగిరుల మీదుగనే పోవును. అక్కడ బిందువు అనవసరము. అరకు నుండి లంబసింగికి పాడేరు వరకు చిక్కు లేదు గాని, పాడేరు దాటిన తరువాత పరికరమునకు రెండు దారులు కనబడును: ఒకటి గంగరాజు మాడుగుల మీదుగా కొండలపైననే పోవునది; రెండవది ఘాటు దిగి మైదానపు మంచి రోడ్డు పట్టి నర్సీపట్నము మీదుగా మరల కొండ నెక్కునది. త్వరితగతియే ప్రధానమని యెంచు లెక్కకు రెండవదియే నచ్చవచ్చును. కావున గంగరాజు మాడుగుల దాటిన పిమ్మట ఒక షేపింగ్ పాయింటు. లంబసింగి నుండి మారేడుమిల్లికి చిక్కు ఇంకను పెద్దది. చింతపల్లి నుండి కొయ్యూరు మీదుగా రంపచోడవరము పోయి పైకెక్కుట ఒక దారి. గూడెం కొత్తవీధి, సీలేరు, డొంకరాయి, మోతుగూడెముల మీదుగా అడవిలోపలనే పోవుట మరియొక దారి. యాత్రికుడు కోరినది రెండవది గనుక గూడెం కొత్తవీధి దాటిన తరువాత ఒకటి, డొంకరాయి దాటిన తరువాత ఒకటి పెట్టవలెను. మారేడుమిల్లి నుండి రంపచోడవరము, గోకవరముల మీదుగా దిగుట సుగమము. అనగా మూడు దినముల యాత్రకు మూడు మలచు బిందువులు చాలినవి.

ఈ పద్ధతి సారమేమనగా, గీత మన దారిని విడిచినచోట మాత్రమే ఒక బిందువు పెట్టి, మరల చూచి, మరల విడిచినచో మరియొకటి పెట్టుచు పోవుట. అది ముగిసిన పిమ్మట ఒక పరీక్ష చేయవలెను. పరికరపు కోరికను ఒకసారి త్వరిత మార్గమునకును, మరియొకసారి దగ్గరి మార్గమునకును మార్చి చూడవలెను. రెండిటిలోను గీత కదలకున్నచో ఆ రూటు స్థిరమైనదని నమ్మవచ్చును. కదలినచో ఆ చోట ఇంకొక బిందువు కావలెనని అర్థము. వందల బిందువులు గ్రుచ్చువారి పద్ధతికంటె ఇది మేలని చెప్పుటకు కారణము, ప్రతి బిందువును ఒక అపాయస్థానము గూడ నగుట: రోడ్డు మరమ్మతుకొఱకు మూయబడి పక్కదారి పట్టవలసి వచ్చినపుడు, తప్పిపోయిన ప్రతి బిందువు దగ్గఱికిని పరికరము వెనుకకు పిలుచును. ఇట్లు స్థిరపఱచిన రూటునే ట్రాక్ గా గూడ మార్చి, రెండిటిని పరికరమునకు పంపి, ట్రాక్ గీతను వేరు రంగుతో క్రింద పరచి దానిపై రూటును నడుపుట ఉత్తమమైన పద్ధతి. రూటు గీత ట్రాక్ గీతను విడిచిన క్షణముననే, పరికరము తన యిష్టము వచ్చినట్లు లెక్క మార్చినదని యాత్రికునకు కంటికి కనబడును.

వంపుల దారులను తామే వెదకియిచ్చు ప్రోగ్రాముల సంగతి ఇక చూతము. జర్మనీలో పుట్టిన కుర్విగర్, కాలిమోటో అనునవి ఈ జాతిలో ప్రసిద్ధములు; టామ్‌టామ్, గార్మిన్ పరికరములలో గూడ వంపులు, కొండలు ఎంత యెక్కువ కావలెనో చెప్పుకొను అమరికలు కలవు. వంపును కొలుచు ఉపాయము ముచ్చటైనది. రోడ్డు గీతలో వరుసగా వచ్చు మూడు బిందువుల గుండ ఒక వృత్తము గీచినచో, ఆ వృత్తపు వ్యాసార్ధము చిన్నదైనకొలది మలుపు గట్టిదని అర్థము. అట్టి మలుపుల పొడవు నంతటిని కూడినచో రోడ్డు వంపుతనమునకు ఒక సంఖ్య వచ్చును. ఆ సంఖ్య యెక్కువైన రోడ్డుకు వెల తగ్గించి చెప్పినంతనే, పాత గణితమే క్రొత్త దారులను చూపును. ఐరోపాలో ఈ ప్రోగ్రాములు అద్భుతముగా పనిచేయుచున్నవని ఒప్పుకొనవలెను. ఐనను అక్కడ గూడ ఒక దోషము కనబడుచున్నది: ఒకే గణితము అందఱిని ఒకే రోడ్డుకు పంపును. ఇటలీలో 2,757 మీటర్ల యెత్తునకు పోవు స్టెల్వియో కనుమ, దాని ఈశాన్యపు వైపు 48 పెద్ద మలుపులకు ప్రసిద్ధము. వేసవి సెలవులలో దానిపై సైకిళ్లు, కారులు, బస్సులు, మోటారుసైకిళ్లు క్రిక్కిరిసియుండుటచే, ఆ పక్కలోయలలోని పేరులేని కనుమలే నడుపుటకు ఆనందకరములని అనుభవజ్ఞులు చెప్పుదురు.

మన దేశమున ఈ ప్రోగ్రాములకు వచ్చు చిక్కు వేరు. పటము గీచినవాడు దూరదూరముగా బిందువులు పెట్టి గీత గీచినచో ఘాటు రోడ్డుమీది మలుపులన్నియు చదునై, నిజమునకు పాములాగు మెలికలు తిరుగు రోడ్డు లెక్కలో తిన్నగా కనబడును. అడవిలో చెట్ల నీడచే ఆకాశచిత్రములలో రోడ్డు కనబడనిచోట ఇట్టి దోషము మరింత సహజము. మారేడుమిల్లి ఘాటుకంటె బాగుగ గీయబడిన ఒక పట్టణపు సందులే ఎక్కువ వంపులుగలవిగా లెక్కకు రావచ్చును. అంతేకాక రోడ్డు తారుదా, సిమెంటుదా, మట్టిదా అను వివరము పటమున నింపబడనిచోట, "మట్టిదారులు వద్దు" అని కోరినను ఆ కోరిక నిష్ఫలము. కావున మన ప్రాంతములలో ఈ ప్రోగ్రాములు దారులను సూచించుటకు పనికివచ్చును గాని, నిర్ణయించుటకు వానిని నమ్మరాదు.

పటము నిర్దోషమైనను దానికి తెలియని సంగతులు చాల కలవు. హైదరాబాదు నుండి శ్రీశైలము పోవు రోడ్డున మన్ననూరు చెక్‌పోస్టు వద్ద, నల్లమల పులుల అభయారణ్యము కారణముగా, రాత్రి 9 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు రాకపోకలు నిలిపివేయుదురు. కర్ణాటకమున బండీపుర అడవి గుండ పోవు రహదారిపై 2009 నుండి అదే వేళలలో అట్టి నిషేధమే కలదు. పరికరమునకు ఆ రోడ్డు రాత్రియు పగలును ఒక్కటే గీత. సాయంకాలము ఏడు గంటలకు బయలుదేరినను నిస్సంకోచముగా అటే పంపును. మనాలి నుండి లేహ్ పోవు దారిలో టాండీ అను చోట బంకు దగ్గర, తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరమున నున్నదని హెచ్చరించు పలక చిరకాలముగా యాత్రికులలో ప్రసిద్ధము. పదునైదు లీటర్ల ట్యాంకుతో లీటరుకు ముప్పది కిలోమీటర్లు వచ్చు వాహనమైనను, 5,300 మీటర్లకు మించిన టాంగ్లంగ్ లా వంటి కనుమల నెక్కునపుడు ఆ లెక్క అట్లే నిలువదు. సీలేరు అడవి దారిలోను, చింతపల్లి విడిచిన తరువాత బంకు ఎక్కడో ముందే విచారించి, వేపాయింటుగా గుర్తించుకొనక పోరాదు; ఫోను సంకేతము అందని తావులు ఆ దారిలో మెండు.

కాలపు లెక్క గూడ ఇట్టిదే. పరికరము చెప్పు చేరు వేళ రోడ్డు జాతినిబట్టి కట్టిన లెక్క. ఘాటు రోడ్డున ఎదురు బస్సుకు దారి యిచ్చుచు, పశువులమందకు ఆగుచు, టీకి నిలుచుచు పోవు మోటారుసైకిలు గంటకు ముప్పది కిలోమీటర్లు సాగినచో అదృష్టమే. భారత ప్రామాణిక కాలమును నిర్ణయించు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము మన కాకినాడ సమీపమున పోవుచున్నది గనుక, ఈ మన్యమున డిసెంబరు మాసమున సాయంకాలము సుమారు ఐదున్నరకే సూర్యుడు అస్తమించును. కొండల నీడ అంతకు ముందే పడును. మంచు కొఱకు లంబసింగి పోవువారిలో పెక్కుమంది ఆ మాసముననే పోవుదురు. కనుమలలో దినమునకు 150 కిలోమీటర్లకు మించి రూటు వ్రాసికొనుట తప్పని నా తీర్పు. ఒక్కొక్క దినపు రూటును ఒక్కొక్క ఫైలుగా విడగొట్టుట గూడ మేలు. మొదటినాడు ఆలస్యమైనను రెండవనాటి లెక్క చెడదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను తరువాత అరకు ఘాటునకు జరిగిన నష్టమును ఎఱిగినవారు, వానకాలమున ఏ రూటునకైనను ప్రత్యామ్నాయముగా మైదానపు దారి నొకదానిని సిద్ధముగా ఉంచుకొందురు.

అక్షాంశ రేఖాంశముల విషయమున ఒక హెచ్చరిక. అరకు అక్షాంశము సుమారు 18 డిగ్రీల 20 నిమిషములు. దీనిని దశాంశమున 18.33 అని వ్రాయవలెను, తొందరలో 18.20 అని వ్రాసినచో, డిగ్రీ యొక్కటికి 111 కిలోమీటర్లు గనుక, గుర్తు దాదాపు 15 కిలోమీటర్లు దక్షిణముగా జరిగిపోవును. పూర్వపు సర్వే పటముల నుండి అంకెలు తీసికొనువారికి మరియొక చిక్కు: అవి ఎవరెస్టు గోళాభమును ఆధారముగా గైకొనినవి, జీపీఎస్ వాడునది వేరొక ప్రమాణము, రెండిటి నడుమ మన ప్రాంతమున నూరు మీటర్లకు మించిన తేడా కలదు. 2005 నాటి జాతీయ పటవిధానము తరువాత ప్రజలకు విడుదలైన పటములు జీపీఎస్ ప్రమాణముననే యున్నవి గనుక ఇక ముందు ఈ చిక్కు తగ్గును. ఊరి పేర్లతో వెదకుట అంతకంటె నమ్మరానిది. కొత్తపల్లులును, రామాపురములును, వెంకటాపురములును జిల్లాకు పదియైన కలవు. పేర్లను ఇంగ్లీషు అక్షరములలో ఒక్కొక్కరు ఒక్కొక్క రీతిగా వ్రాయుదురు. పేరుతో వెదకినను, పటముపై చూచి చుట్టుపక్కల ఊళ్లతో సరిపోల్చుకొనిన పిమ్మటనే గుర్తు పెట్టవలెను.

ప్రత్యేక పరికరము కావలెనా, ఫోను చాలునా అను చర్చపై పెక్కు మాటలు అనవసరము. పట్టణము చుట్టు తిరుగుటకు ఫోను చాలును. దీర్ఘయాత్రలో ఎండకు వేడెక్కి ఫోను ఆగిపోవుట, వాన చినుకులను వ్రేళ్లుగా భ్రమించి తెర పిచ్చిగా కదలుట, పటము తెచ్చుకొనుటకు సంకేతము లేకపోవుట సామాన్యములు. మోటారుసైకిలు ఇంజను అదురు కెమెరాలోని సున్నితమైన భాగములను చెఱుపగలదని 2021లో యాపిల్ సంస్థయే హెచ్చరించినది. పటమును ముందుగనే దింపుకొని, తన పని ముగిసిన పాత ఫోను నొకదానిని హ్యాండిలుకు కేటాయించుట మధ్యేమార్గము.

ఈ విద్యకు నేడు మన ప్రాంతమున గల పెద్ద కొఱత పరికరములలో లేదు, పటములలో నున్నది. 2004లో ఇంగ్లండున ప్రారంభమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను ప్రపంచ పటమును ఎవరైనను సరిదిద్దవచ్చును. పైన చెప్పిన కుర్విగర్ మొదలగు ప్రోగ్రాములు దారి వెదకునది ఆ పటము మీదనే. 2021 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వము పటముల తయారీపై గల పూర్వపు ఆంక్షలను చాలవరకు సడలించినది. అట్టి తరుణమున మన్యములోను నల్లమలలోను తిరిగివచ్చు తెలుగు యాత్రికులు వందల కొలదిగా ట్రాకులను తమ పరికరములలోనే నిద్రపుచ్చి, ఛాయాచిత్రములను మాత్రము నలుగురికి పంచుట విచారకరము. తమ ట్రాకును ఆధారముగా గైకొని ఒక ఘాటు మలుపులను సరిగా గీచిననాడు, ఒక రోడ్డు తారుదో మట్టిదో నింపిననాడు, ఒక గూడెము పేరును ఆ ఊరివారు పలుకు రీతిని తెలుగున వ్రాసిననాడు, రాత్రి మూయు గేటును, పనిచేయు బంకును గుర్తించిననాడు, తరువాత పోవువాని పరికరమునకు అంతమేర తెలివి కలుగును. తదుపరి యాత్రనుండి తిరిగివచ్చిన వారమున ఒక్క సాయంకాలమును ఈ పనికి కేటాయింపుడని, ఈ వ్యాసమును చదివిన ప్రతి మోటారుసైకిలు యాత్రికుని వేడుకొనుచున్నాను.